ఫైనల్, న్యూ ఫైనల్, అసలు ఫైనల్: ఆఫీసు ఫైళ్ల పేర్లు ఎక్కడ దెబ్బతింటయ్

క్లుప్తంగా: నలుగురు కలిసి వాడే కంప్యూటర్‌లో ఫైల్ దొరక్కపోతే సోమరితనం అని తిట్టుకుంటరు గానీ, అసలు కారణం చాలాసార్లు పేరులో పెట్టిన మాటలే కొన్నాళ్లకు మారిపోవడం. జిల్లా పేరు, స్కీం పేరు, కంపెనీ పేరు, 'న్యూ', 'ఫైనల్' ఇవన్నీ మారేవే. కాగితం మీది తేదీ, ఊరు, కరెంట్ బిల్లు మీది సర్వీస్ నంబర్, పాన్ లాంటివి అంత తొందరగా మారవు. పేరు వీటి మీద నిలబెట్టిన చోట వెతుకులాట తక్కువ.

హన్మకొండలో ఒక చిన్న ట్యాక్స్ ఆఫీసు అనుకుందాం. ఐదుగురు మనుషులు, మూడు కంప్యూటర్లు, అందరికీ కలిపి ఒక డ్రైవ్. పరకాల నుంచి ఒక పత్తి వ్యాపారి ఫోన్ చేసి, బ్యాంకులో కూర్చున్న, పోయినేడు బ్యాలెన్స్ షీట్ పంపుండ్రి అంటడు. ఫోల్డర్ తెరిస్తే 'బ్యాలెన్స్ షీట్', 'బ్యాలెన్స్ షీట్ న్యూ', 'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఫైనల్ సార్ చూసింది' అని ఐదు ఉంటయ్. నిజం చెప్పాలంటే వీటిల్లో కొంచెమైనా పనికొచ్చే పేరు ఆ ఆఖరుదే, ఎందుకంటే అది ఒక సంగతి చెప్తది. కానీ ఏ సార్, ఎప్పుడు చూసిండు అన్నది ఆ ఫైల్ చేసిన పిల్లగానికే తెలుసు, ఆ పిల్లగాడు ఉద్యోగం మారి హైదరాబాద్ పోయిండు.

సొంత కంప్యూటర్‌లో ఏ పేరు పెట్టినా నడుస్తది. అక్కడ పేరు ఒక గుర్తు మాత్రమే, మిగతాదంతా మనిషి బుర్రలో ఉంటది, నిన్న మధ్యాహ్నం చేసిందే కదా అని కళ్లు మూసుకుని తీస్తరు. షేర్డ్ డ్రైవ్‌లోకి వచ్చేసరికి ఆ బుర్ర పక్కన ఉండదు. పెట్టినోడు వేరు, వెతికేటోడు వేరు, ఒక్కోసారి ఆ ఇద్దరి మధ్య మూడేళ్లు.

ఫోన్ పెట్టే పేర్లు

ఇప్పుడు ఆఫీసుల్లోకి వచ్చే కాగితాల్లో చానా మటుకు వాట్సాప్ దారిలోనే వస్తున్నయ్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ ఫోటోకు ఐఎంజి అని, తర్వాత ఎనిమిది అంకెల తేదీ, తర్వాత డబ్ల్యూఏ, ఆ తర్వాత నాలుగంకెల వరస నంబర్ పడుతది. చూడ్డానికి పద్ధతిగానే ఉంటది, తేదీ కూడా సంవత్సరం ముందు పెట్టి రాస్తది. కానీ ఆ తేదీ కాగితానిది కాదు, ఆ ఫోటో ఫోన్‌లో దిగిన రోజుది. 2019 నాటి సేల్ డీడ్ ఫోటో 2024లో పంపితే పేరులో 2024 ఉంటది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఆ వరస నంబర్‌లో ఉంది. అది ఏ ఫోన్‌కు ఆ ఫోన్ లెక్క, రోజు మారితే మల్ల మొదటికొస్తది. అంటే ఇద్దరు స్టాఫ్ ఫోన్లలో ఒకే రోజు, ఒకే పేరుతో, రెండు వేరే వేరే కాగితాలు ఉండొచ్చు. ఇద్దరూ తెచ్చి ఒకే ఫోల్డర్‌లో వేసిన్రు అనుకోండి, విండోస్ రీప్లేస్ చేయాలా అని అడుగుతది, పనిలో ఉన్నోడు అవును అని నొక్కుతడు, ఒకరి ఆధార్ ఫోటో మీద ఇంకొకరి కరెంట్ బిల్లు ఎక్కి కూర్చుంటది. గూగుల్ డ్రైవ్ తీరు వేరే, అక్కడ ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండొచ్చు, ఎందుకంటే అది ఫైల్‌ను లోపల ఒక ఐడీతో గుర్తు పెట్టుకుంటది, పేరు పైన అంటించిన చీటీ మాత్రమే. కాగితం పోదు గానీ ఏది ఏదో తెల్వదు.

స్కాన్ యాప్‌లదీ అదే కథ. 2020 జూన్‌లో కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు క్యామ్‌స్కానర్ కూడా పోయింది, కానీ ఆ యాప్ పేరుతో మొదలయ్యే పీడీఎఫ్‌లు పాత ఫోల్డర్లలో ఇంకా ఉన్నయ్. లోపల ఏముందో చెప్పకుండా ఏ మిషన్‌తో తీసిన్రో చెప్పే పేరు అది. బ్రౌజర్ పెట్టే బ్రాకెట్ అంకెలు కూడా అంతే: ఫైల్ చివర 3 ఉంటే మూడో వెర్షన్ అనుకుంటరు చానామంది, అది అదే పేరున్న ఫైల్‌ను మల్లమల్ల డౌన్‌లోడ్ చేసిన లెక్క, అంతే.

షాపు జరగలే, జిల్లా మారింది

ఉత్తర తెలంగాణ ఆఫీసులకు ఇది ప్రత్యేకంగా తగిలే దెబ్బ. 2016 అక్టోబర్ 11 వరకు వరంగల్ ఒకటే జిల్లా. ఆ రోజు అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జయశంకర్ భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ అయింది, కొన్ని మండలాలు సిద్దిపేటలోకి పోయినయ్. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హన్మకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది, పేర్లతో పాటు కొన్ని మండలాలు కూడా అటుఇటు మారినయ్.

ఇప్పుడు షేర్డ్ డ్రైవ్‌లో 'వరంగల్' అని ఒక ఫోల్డర్ ఉంటే దానికి అర్థం ఏంది? 2015లో చేసిందైతే ములుగు అడవి నుంచి జనగామ దాకా మొత్తం. 2018లో చేసిందైతే ఉత్త వరంగల్ అనే జిల్లానే లేదు, అర్బనో రూరలో ఊహించుకోవాలి. 2023లో చేసిందైతే పాత రూరల్‌లో ఎక్కువ భాగం, దానికి తోడు అర్బన్ నుంచి వచ్చిన వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు. పరకాల వ్యాపారి సంగతే తీసుకోండి, ఆయన 2015లో వరంగల్ జిల్లా, 2018లో వరంగల్ రూరల్, 2022లో హన్మకొండ జిల్లా. ఆయన షాపు ఉన్న కాడి నుంచి ఒక్క అడుగు జరగలే. జిల్లాల వారీగా ఫోల్డర్లు పెట్టుకున్న ఆఫీసులో మాత్రం ఆయన కాగితాలు మూడు ఫోల్డర్లలో తేలుతయ్, ఆ మూడింటిని కలిపి చదివే తెలివి కంప్యూటర్‌కు ఉండదు, దానికి అవి మూడు వేరే మాటలు.

సిటీ లోపల డివిజన్ నంబర్లు కూడా ఇంతే. గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్‌లో 58 డివిజన్లు ఉండేవి, 2021 ఎన్నికలకు ముందు 66 చేసిన్రు, హద్దులు కొత్తగా గీసిన్రు. కాబట్టి డివిజన్ నంబర్ ఒక్కటే రాసి, సంవత్సరం రాయని ఇంటి పన్ను ఫైల్ ఏ గల్లీదో చెప్పడం కష్టం.

కరెంట్ కంపెనీ ఇంకో ఉదాహరణ. హన్మకొండలో హెడ్డాఫీసు ఉన్న ఆ సంస్థ రాష్ట్రం రాకముందు ఏపీఎన్‌పీడీసీఎల్, వచ్చినంక టీఎస్‌ఎన్‌పీడీసీఎల్, 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చినంక టీజీఎన్‌పీడీసీఎల్. బిల్లుల ఫోల్డర్‌లో కంపెనీ పేరుతో వెతికితే మూడుసార్లు వెతకాలి, మూడో పేరు గుర్తొస్తే. సర్వీస్ నంబర్‌తో పేరు పెట్టుకున్నోళ్లకు ఈ బాధ లేదు. ఇక స్కీములు. రైతు బంధు 2018లో వచ్చింది, 2025 జనవరిలో రైతు భరోసా అయింది. భూముల రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్ 29న మొదలైంది, 2025 ఏప్రిల్‌లో ఆ జాగాలో భూభారతి వచ్చింది. మీసేవ సెంటర్లలో, పత్రాలు రాసేవాళ్ల దగ్గర స్కీం పేరుతో ఫోల్డర్ చేసుకుంటే ఒకే రైతు, అదే పొలం, రెండు ముక్కలు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఫోల్డర్లు కొత్తగా పుడుతుంటయ్, పాతవి ఎవరూ తీయరు.

వీటన్నిటిలో తేలేది ఏందంటే, ఎంత పై స్థాయి పేరైతే అంత తొందరగా మారుతది. జిల్లా కంటే మండలం కొంచెం గట్టి, అయినా నడికూడ లాంటివి మధ్యలో పుట్టినయ్. మండలం కంటే ఊరు గట్టి. ఊరు, సర్వే నంబర్, సంవత్సరం మూడు కలిస్తే పదేండ్ల తర్వాత చూసినా అర్థమయితది. పొలం ముక్కలైతే సర్వే నంబర్‌కు బై నంబర్లు పడుతయ్ గానీ మూల నంబర్ కనపడుతనే ఉంటది.

లక్ష్మికి ఎక్స్ పెట్టాలా, కెఎస్‌హెచ్ పెట్టాలా

తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు ఒక పద్ధతి అంటూ లేదు. తెలంగాణలో లక్ష్మిని ఎక్కువమంది ఎక్స్‌తో రాస్తరు, ఇంకొకరు కెఎస్‌హెచ్‌తో రాస్తరు. శ్రీనివాస్‌లో ఒకరికి ఐ, ఒకరికి రెండు ఈలు. హన్మకొండకు ఎన్ తర్వాత ఏ పెట్టేటోళ్లు, యూ పెట్టేటోళ్లు, ఏమీ పెట్టనోళ్లు ముగ్గురూ ఒకే ఆఫీసులో దొరుకుతరు. గూగుల్‌లో ఎట్ల కొట్టినా అదే సర్దుకుని చూపిస్తది కాబట్టి, కంప్యూటర్‌లో వెతికినా అట్లనే అయితదని అనుకుంటరు. ఫైల్ పేర్ల వెతుకులాటకు అంత ఓపిక ఉండదు, అక్షరం తప్పితే లేదంటది. ఫైల్ ఉంటది, తెర మీద మాత్రం ఏమీ దొరకలేదని వస్తది, అది నమ్మి మల్ల కొత్తగా చేస్తరు, ఒకటే పని రెండుసార్లు.

మరి తెలుగులోనే పేరు పెడితే? ఇప్పటి విండోస్‌లో, ఆండ్రాయిడ్‌లో బ్రహ్మాండంగా నడుస్తది. కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టిక యూనికోడ్, 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. అయితే రెండు మెలికలున్నయ్. ఒకటి పొడవు. ఆండ్రాయిడ్, లైనక్స్‌లో ఫైల్ పేరుకు హద్దు 255 బైట్లు. ఒక ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు, సున్నకు మూడు, పొల్లుకు కూడా మూడు. 'వరంగల్' అన్న మాటకే 18 బైట్లు, అదే ఇంగ్లిష్ అక్షరాల్లో 8. మొత్తం 85 గుర్తులకే హద్దు వచ్చేస్తది, విషయమంతా పేరులోనే రాసే అలవాటున్నోళ్లకు ఇది తగులుతది. రెండోది కంటికి కనపడని అక్షరం. 'వరంగల్‌లో' అని రాసేటప్పుడు ల్ కింద లో వత్తుగా పోకుండా ఆపడానికి కీబోర్డులు మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడుతయ్. ఒక్కోసారి ఆ గుర్తు మాట చివర ఉండిపోతది. అప్పుడు చూడ్డానికి అచ్చం ఒకే తీరున్న రెండు 'వరంగల్' ఫోల్డర్లు పక్కపక్కన కనపడుతయ్, ఇదేంది డబల్ అయిందని ఒకటి తీసేస్తరు, అందులో వేరే ఫైళ్లుంటయ్.

డీటీపీ షాపుల సంగతి కొంచెం వేరే. అక్కడ ఇప్పటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ చానాచోట్ల నడుస్తున్నయ్. ఆ ఫాంట్ వేస్తేనే తెలుగు, తీస్తే అర్థం కాని ఇంగ్లిష్ గుర్తులు, కాబట్టి దాంతో ఫైల్ పేరు కొట్టలేరు, లోపలున్న మాటను పట్టి వెతకనూ లేరు. అందుకే ఫ్లెక్సీ, పెళ్లి కార్డుల షాపుల్లో పేరు మీదనే మొత్తం భారం, అక్కడేమో 'లక్ష్మి పెళ్లి' అని ఫైల్ ఉంటది. మాఘమాసంలో ఎంతమంది లక్ష్ములకు పెళ్లిళ్లయితయో ఎవరు చెప్పాలె? ఆర్డర్ బుక్‌లో రసీదు నంబర్ ఎట్లాగూ ఉంటది, అదే ఫైల్‌కు పెట్టుకుంటే అయిపోతది.

తేదీ, అందులోనూ ఏ సంవత్సరం

మనం రోజు, నెల, సంవత్సరం అని రాస్తం. కంప్యూటర్ పేర్లను ఎడమ నుంచి అక్షరం అక్షరం పోల్చుకుంటూ వరస పెడుతది. అందుకే 01-04-2023 పక్కన 01-05-2022 వచ్చి కూర్చుంటది, అన్ని నెలల ఒకటో తారీఖులు ఒకచోట, రెండో తారీఖులు ఒకచోట. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, నెలకూ రోజుకూ రెండంకెలు ఖచ్చితంగా రాస్తే అక్షరాల వరస, కాలం వరస ఒకటే అయితయ్. ఐఎస్‌ఓ 8601 అనే ప్రమాణం 1988లో చెప్పింది ఇదే. జీఎస్టీ పోర్టల్ నుంచి దించుకునే 3బి రిటర్న్ పీడీఎఫ్ పేరు చూడండి, ఫారం పేరు, జీఎస్టీ నంబర్, నెల-సంవత్సరం మూడూ ఉంటయ్, ఏ మనిషి పెట్టే పేరు కంటే అది మేలు. నెల ముందు పెట్టిన్రు కాబట్టి జనవరి 2024 పక్కనే జనవరి 2025 పడుతది, అదొక్కటే వంక.

ట్యాక్స్ ఆఫీసుల్లో ఇంకో గుంట ఉంది. '2024-25' అని ఫోల్డర్ పెడితే అది ఫైనాన్షియల్ ఇయరా, అసెస్‌మెంట్ ఇయరా? 2023-24లో సంపాదించిన దానికి అసెస్‌మెంట్ ఇయర్ 2024-25. జీఎస్టీ చూసే మనిషి ఒక లెక్కలో, ఇన్‌కమ్ ట్యాక్స్ చూసే మనిషి ఇంకో లెక్కలో పేరు పెడితే ఒకే ఫోల్డర్‌లో రెండేండ్ల కాగితాలు కలుస్తయ్. 2025 నాటి కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అసెస్‌మెంట్ ఇయర్ మాట తీసేసి ట్యాక్స్ ఇయర్ అని ఒక్కటే పెడుతున్నది. ముందుముందు ఇది మంచిదే, కానీ మధ్య కాలంలో డ్రైవ్‌లో మూడు రకాల సంవత్సరాలు ఉంటయ్. సంవత్సరం ముందు ఎఫ్‌వై అనో ఏవై అనో రెండక్షరాలు పెట్టకపోతే తేల్చడం కుదరదు.

'ఫైనల్' ఎందుకు ఒక్కటి ఉండదు

ఫైనల్ అన్నది ఫైల్ గురించిన మాట కాదు, ఆ నిమిషంలో మనిషి మనసులో ఉన్న ఆశ. తర్వాత సార్ ఒక అంకె మారుస్తడు, పాతది చెరపడానికి భయం, కొత్తదానికి పేరు కావాలె, అట్ల ఫైనల్ 2 పుడుతది. కాపీ మీద కాపీ పుట్టడానికి ఇంకో కారణం తాళం. నెట్‌వర్క్‌లో ఉన్న ఎక్సెల్ ఫైల్‌ను ఒకరు తెరిస్తే రెండో మనిషికి చదవడానికే వస్తది, ఆ మనిషి ఆగలేక సేవ్ యాజ్ కొట్టి పక్కన ఇంకోటి చేసుకుంటడు, సాయంత్రానికి రెండింట్లోనూ సగం సగం పని ఉంటది.

గూగుల్ డ్రైవ్ లాంటి వాటిల్లో ఒకే ఫైల్‌లో ఇద్దరు రాయొచ్చు, పాత వెర్షన్లు లోపలే ఉంటయ్, కాబట్టి ఫైనల్ 2 అవసరమే ఉండదు అనుకుంటరు. గూగుల్ షీట్ అయితే సరే. పీడీఎఫ్, వర్డ్ లాంటివి పైన పెడితే పాత వెర్షన్లు 30 రోజులు లేదా 100 వెర్షన్ల దాకానే, ఆ తర్వాత పోతయ్. ఆడిట్ నాడు ఆరు నెలల కిందటి డ్రాఫ్ట్ కావాలంటే ఉండదు. కాబట్టి సంతకమైన కాపీని విడిగా, తేదీతో, దాచుకోవాల్సిందే. డ్రాఫ్ట్‌లకు వీ01, వీ02 అని అంకె, బయటికి పోయిన దానికి ఒక్కదానికే 'పంపింది' లేదా 'సంతకం' అన్న మాట: ఇది ఎందుకు నిలుస్తదంటే, పంపడం అనేది జరిగిపోయిన పని, మల్ల మారదు.

పాత దఫ్తర్లలో ఎట్ల నడిచింది

తహసీల్ ఆఫీసుల్లో కాగితాల కాలంలో ఈ గొడవ ఇంత లేదు. వచ్చిన ప్రతి కాగితం ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కేది, సెక్షన్ అక్షరం, వరస నంబర్, సంవత్సరం కలిపి ఒక నంబర్ పడేది. పని అయినంక ఎల్.డిస్ అనో ఆర్.డిస్ అనో ముద్ర, ఎన్నాళ్లు దాచాలో అందులోనే ఉంటది. పహాణీలైతే, అంటే ఏ పొలం ఎవరి కింద ఉందో రాసే రికార్డులైతే, ఊరు, సంవత్సరం, సర్వే నంబర్: 1954-55 ఖాస్రా పహాణీ ఇవాళ కూడా అట్లనే అడుగుతరు, అట్లనే తీస్తరు. జిల్లా ఎన్నిసార్లు మారినా ఆ వరస చెడలే.

అయితే దాని వెనక ఒక మనిషి ఉండేటోడు. రిజిస్టర్ ఒక్కరి చేతిలో ఉండేది, నంబర్ ఆయనే వేసేది. కంప్యూటర్ వచ్చినంక ఆ పని అందరికీ పంచింది, అంటే ఎవరిదీ కాకుండా పోయింది. తెలంగాణ ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన ఈ-ఆఫీస్ ఆ పాత క్లర్కు పనినే సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పింది, నంబర్ దానంతటదే పడుతది. ప్రైవేట్ ఆఫీసుల్లో, స్కూళ్లలో, ఏనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న అడ్తి దుకాణాల్లో అట్లాంటిది లేదు, ఒక ఎక్సెల్ షీట్‌లో వరస నంబర్లు రాసుకునే ఓపికున్న మనిషి దొరికితే అదే రిజిస్టర్.

ఫోల్డర్లు ఎంత లోతు, డ్రైవ్ ఎవరిది

విండోస్‌లో ఫోల్డర్ల పేర్లు, ఫైల్ పేరు అన్నీ కలిపి మామూలుగా 260 అక్షరాలు దాటొద్దు. ఏడెనిమిది ఫోల్డర్లు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ పోతే కాపీ చేసేటప్పుడు ఎర్రర్ వచ్చి కొన్ని ఫైళ్లు ఎనకనే ఉండిపోతయ్, అది బ్యాకప్ రోజు తెలుస్తది. మూడు మెట్లు చాలు: పార్టీ (అంటే పని చేయించుకునే కస్టమర్), సంవత్సరం, పని.

దీనికంటే పెద్ద ప్రమాదం ఓనర్‌షిప్‌ది. చిన్న ఆఫీసుల్లో షేర్డ్ డ్రైవ్ అంటే సాధారణంగా ఎవరో ఒకరి సొంత జీమెయిల్, 15 జీబీ ఫ్రీ, మిగతా వాళ్లకు షేర్ చేసింది. ఆ ఫోల్డర్‌లో ఎవరు ఫైల్ పెడితే ఆ ఫైల్‌కు వాళ్లే ఓనర్. హైదరాబాద్ పోయిన పిల్లగాడు తన అకౌంట్ తీసేస్తే ఆయన పెట్టినయన్నీ పోతయ్. తీసేయకపోయినా, రెండేండ్లు ముట్టని అకౌంట్లను తొలగించే పద్ధతి గూగుల్ 2023 డిసెంబర్ నుంచి పెట్టింది. డబ్బులు కట్టే గూగుల్ వర్క్‌స్పేస్‌లో షేర్డ్ డ్రైవ్ అయితే ఫైళ్లు సంస్థవి, మనిషి పోయినా ఉంటయ్. పేర్లు ఎంత చక్కగా పెట్టుకున్నా ఓనర్ తప్పైతే లాభం లేదు.

పాత ఫైళ్ల సంగతి

పద్ధతి పెట్టుకుందాం అనుకున్న రోజే పాతవన్నీ పేర్లు మార్చబోతే కొత్త చిక్కు. ఒక ఎక్సెల్ ఇంకో ఎక్సెల్ నుంచి అంకెలు తెచ్చుకుంటుంటే, పేరు మార్చగానే ఆ లంకె తెగుతది, షార్ట్‌కట్‌లు కూడా ఒక్కోసారి పని చెయ్యవు. గూగుల్ డ్రైవ్ లింకులు మాత్రం ఐడీ మీద నడుస్తయ్ కాబట్టి తెగవు. ఏప్రిల్ 1 నుంచి వచ్చినవి కొత్త పద్ధతిలో పెట్టుకుని, అంతకు ముందువి ఒక పాత ఫోల్డర్‌లో మార్చకుండా చదవడానికి మాత్రమే ఉంచి, వాడినప్పుడు వాడినవాటికి పేరు మార్చుకుంటూ పోవడం తక్కువ నష్టం.

పరకాల వ్యాపారి ఫైల్ అప్పుడు ఎట్లుంటది? పార్టీ నంబర్, ఎఫ్‌వై 2023-24, బ్యాలెన్స్ షీట్, సంతకమైన తేదీ, 'సంతకం'. పార్టీ నంబర్ జాగాలో పాన్ పెట్టొచ్చు, అది మారదు. కానీ ఫైల్ పేరు అంటే తెర మీద, వాట్సాప్‌లో, ప్రింట్ షాపు కంప్యూటర్‌లో అందరికీ కనపడే జాగా, పాన్ అక్కడ ఉండడం మంచిది కాదు. అందుకే 0147 లాంటి ఆఫీసు సొంత నంబర్, ఆ నంబర్ ఎవరిదో రాసుకున్న జాబితా వేరే ఫైల్‌లో, పాస్‌వర్డ్‌తో. ఆ పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరికి తెలిసి ఉండాలె.